తెర మీదికి రాకుండానే పనిలోకి దిగే ప్రోగ్రాములు

డెస్క్‌టాప్ ప్రోగ్రాము మొదలవడం ఒక పని, దాని మెయిన్ విండో తెర మీద కనిపించడం మరో పని. ఐకాన్ మీద రెండుసార్లు నొక్కగానే విండో తెరుచుకోవడం అలవాటైపోయింది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి ప్రోగ్రాము మెమరీలోకి వచ్చి పని అందుకున్నాక కూడా విండో చూపాలా వద్దా అన్నది దాన్ని రాసినవారు తేల్చాల్సిన విషయమే. కొన్ని పరిస్థితుల్లో విండో చూపించి, మరికొన్నింటిలో చూపించకుండా ప్రోగ్రామును మలచడం తేలికగానే కనిపిస్తుంది. సరిగా చేయకపోతే మాత్రం తెర మీద ఏదో మెరిసి మాయమవుతుంది, లేదా ప్రోగ్రాము నడుస్తోందో ఆగిందో తెలియదు, లేదా ఆపుదామంటే ఆపే దారి ఉండదు.

ఈ అవసరం ఎక్కడ వస్తుందో ఒక ఊరిలో చూద్దాం. బాపట్ల జిల్లాలో పత్తి, మిర్చి, శనగ పండే నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఊరు పర్చూరు. ఇలాంటి ఊళ్లలో కంప్యూటరు రోజంతా నడిచే చోట్లు మీసేవ కేంద్రం, గ్రామ సచివాలయం, ఆడిటరు ఆఫీసు, డీటీపీ సెంటరు, మిల్లు కాటా గది. మెయిన్ విండో లేకుండా నడిచే ప్రోగ్రాములు ఈ చోట్లన్నింటిలోనూ అవసరమవుతాయి.

ఆధార్ వేలిముద్ర యంత్రాన్నే చూస్తే, దాని వెనక ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాము నడుస్తుంటుంది. 2017 నుంచి ఆధార్ ధ్రువీకరణకు నమోదైన యంత్రాలనే వాడాలన్న నిబంధనతో ఇది వచ్చింది. దానికి తెర మీద విండో ఉండదు. అదే కంప్యూటరులో 11100 నుంచి 11120 వరకు ఉన్న నెట్‌వర్క్ పోర్టుల్లో ఒకదాని దగ్గర అది కాచుకుని ఉంటుంది. బ్రౌజరు అడిగినప్పుడు యంత్రం నుంచి వేలిముద్ర తీసుకుని, ఎన్‌క్రిప్ట్ చేసి ఇస్తుంది. ఆడిటరు ఆఫీసులో జీఎస్టీ రిటర్నుకు డిజిటల్ సంతకం చేయడానికి వాడే ఎంసైనర్ కూడా ఇలాంటిదే. అది 1585 పోర్టు దగ్గర ఉండి, గడియారం పక్కన ట్రే అనే చోట చిన్న ఐకాన్‌గా మాత్రమే కనిపిస్తుంది. డీటీపీ సెంటర్లలో తెలుగు టైపింగుకు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, కీమ్యాన్ వంటివి కూడా ఆ మూలనే ఉండి, టైపు చేసేవారికి అడ్డు రాకుండా కీబోర్డును తెలుగులోకి మారుస్తాయి.

ఎప్పుడు చూపాలి, ఎప్పుడు వద్దు

విండో ఎప్పుడూ ఉండని ప్రోగ్రాము రాయడం సులువు. ఎప్పుడూ ఉండేది రాయడం ఇంకా సులువు. చిక్కంతా పరిస్థితిని బట్టి నడుచుకునే ప్రోగ్రాముతోనే. దానికి కాటా గది మంచి ఉదాహరణ.

జిన్నింగ్ మిల్లుకు పత్తి ట్రాక్టరు వస్తుంది. సరుకుతో ఒకసారి, దించాక ఖాళీ బండితో మరోసారి తూకం వేస్తారు. రెండింటి తేడాయే నికర తూకం. కాటా మీది బరువును చూపే డిజిటల్ డబ్బా ఆ అంకెలను సీరియల్ కేబుల్ ద్వారా కంప్యూటరుకు పంపుతుంటుంది. వాటిని చదివి దాచిపెట్టే ప్రోగ్రాము ఒకటి కంప్యూటరులో ఎప్పుడూ నడుస్తుండాలి. కరెంటు పోయి వచ్చి కంప్యూటరు మళ్లీ లేచినప్పుడు అది తనంతట తానే మొదలవ్వాలి. అప్పటికి గుమాస్తా లెక్కల ప్రోగ్రాములో బిల్లు కొడుతూ ఉండవచ్చు. కాటా ప్రోగ్రాము విండో హఠాత్తుగా ముందుకొస్తే, ఆయన కొడుతున్న అంకెలు బిల్లులో పడకుండా ఆ విండోలో పడతాయి. కాబట్టి అక్కడ అది నోరెత్తకుండా మొదలవ్వాలి.

గుమాస్తా తానే ఐకాన్ మీద నొక్కితే సంగతి వేరు. ఆయన చూడాలనుకున్నాడు కాబట్టి విండో రావాలి. కంప్యూటరు దానంతటదే ప్రోగ్రామును మొదలుపెట్టినా, కాటా నుంచి అంకెలు రాకపోతే విండో రావాల్సిందే. అంకెలు రాని సంగతి గుమాస్తాకు తెలియకపోతే రైతు బండి కాటా మీద ఊరికే నిలబడిపోతుంది. ఒకే ప్రోగ్రాము ఈ మూడు సందర్భాల్లో రెండు రకాలుగా నడుచుకోవాలి.

ఇలాంటి సందర్భాలు వేరే ప్రోగ్రాముల్లో కూడా వస్తాయి. ప్రోగ్రాము ఇప్పటికే నడుస్తుండగా మరో కాపీ తెరిస్తే, రెండో విండో రాకూడదు. పాస్‌వర్డు సరిపోయేదాకా మెయిన్ విండో కనిపించకూడదు. రాత్రి బ్యాకప్ కోసం షెడ్యూలర్ పిలిచినప్పుడు విండో అక్కర్లేదు. ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేశాక మొదటిసారి నడిపినప్పుడు మాత్రం సెట్టింగుల కోసం తప్పకుండా రావాలి.

విండో పుట్టుక

విండోస్‌లో విండో సాధారణంగా రెండు దశల్లో తెర మీదికి వస్తుంది. మొదట విండోను సృష్టిస్తారు. అప్పుడు దానికి హ్యాండిల్ అనే గుర్తింపు సంఖ్య వస్తుంది కానీ తెర మీద ఏమీ కనిపించదు. తర్వాత షోవిండో అనే ఆదేశం ఇస్తేనే అది కనిపిస్తుంది. ఆపైన ప్రోగ్రాము మెసేజ్ లూప్‌లోకి వెళుతుంది. మౌసు నొక్కులు, కీబోర్డు అక్షరాలు, టైమరు గంటలు, వ్యవస్థ పంపే కబుర్లు అన్నీ ఆ లూప్‌లోనే అందుతాయి. విండో చూపకపోయినా లూప్ నడవొచ్చు. విండో లేని ప్రోగ్రాము కూడా బతికి పనిచేయగలిగేది అందుకే.

ప్రోగ్రామును పిలిచేవారు కూడా ఇందులో తమ మాట చెప్పవచ్చు. విండోస్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో రన్ అన్న చోట మామూలు విండో, మినిమైజ్డ్, మ్యాక్సిమైజ్డ్ అని మూడు ఎంపికలుంటాయి. పూర్తిగా దాచమనే ఎంపిక అక్కడ ఉండదు. ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును పిలిచేటప్పుడు మాత్రం దాచి మొదలుపెట్టమని కూడా అడగవచ్చు. ఈ కోరిక ప్రోగ్రాముకు మొదట్లోనే అందుతుంది. దాన్ని మన్నించడం మంచి అలవాటు.

చూపించి దాచడంలోని పొరపాటు

ఈ పనికి కొత్తగా దిగినవారికి ముందుగా తోచేది విండో లోడయ్యే చోట దాన్ని దాచమని ఒక వరుస రాయడం. 2002లో డాట్‌నెట్‌తో పాటు వచ్చిన విండోస్ ఫామ్స్‌లో ఇది పనిచేయదు. మెయిన్ ఫామ్‌ను, అంటే మెయిన్ విండోను, అప్లికేషన్ రన్ అనే ఆదేశానికి అప్పగిస్తే, దాన్ని కనిపించేలా చేయడం తన బాధ్యతగా వ్యవస్థే తీసుకుంటుంది. లోడ్ అనేది ఆ చూపించే పని మధ్యలో వచ్చే మజిలీ. అక్కడ దాచమని చెప్పినా, మొదలైన పని పూర్తయ్యేసరికి విండో కనిపిస్తుంది. పూర్తిగా చూపించాక వచ్చే షోన్ దశలో దాస్తే ఆదేశం పనిచేస్తుంది కానీ, అప్పటికే విండో ఒక్క క్షణం తెర మీద మెరుస్తుంది. పాత కంప్యూటరులో ఆ మెరుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పైగా ఆ క్షణంలోనే కీబోర్డు పట్టు గుమాస్తా పనిచేస్తున్న విండో నుంచి జారిపోతుంది.

దీన్ని కప్పిపుచ్చడానికి విండోను పూర్తి పారదర్శకంగా చేయడం, తెర అంచుల అవతలికి నెట్టడం, మినిమైజ్ చేసి టాస్క్‌బార్ నుంచి తీసేయడం వంటి ఉపాయాలు పుట్టాయి. అవి చూపును మరుగుపరుస్తాయి తప్ప విండోను ఆపవు. పారదర్శకమైన విండో ఆల్ట్, ట్యాబ్ నొక్కితే జాబితాలో కనిపించవచ్చు. ఒక మానిటరు కోసం అవతలికి నెట్టిన విండో, రెండో మానిటరు పెట్టగానే అందులో ప్రత్యక్షం కావచ్చు. విండో చూపాలా వద్దా అన్నది చూపించే ఆదేశానికి ముందే తేలాలి. ఈ పనికి అసలు సూత్రం అదే.

ఏ పరికరంలో ఎలా

ఆ నిర్ణయానికి ప్రోగ్రామింగ్ పరికరాలు ఒక్కోటి ఒక్కో చోటు కల్పించాయి.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6లో ప్రోగ్రాము ఫామ్‌తో కాకుండా సబ్ మెయిన్ అనే భాగంతో మొదలయ్యేలా పెట్టవచ్చు. పరిస్థితి అక్కడ చూసుకుని, కావాలంటే ఫామ్‌ను చూపిస్తారు, లేదంటే చూపించకుండా లోడ్ మాత్రమే చేస్తారు. ఏ ఫామూ లోడ్ కాకుండా సబ్ మెయిన్ ముగిస్తే ప్రోగ్రాము కూడా అక్కడితో ముగుస్తుంది. పాస్‌వర్డు తప్పినప్పుడు బయటికి వెళ్లడానికి ఆ గుణమే పనికొస్తుంది.

1995లో వచ్చిన డెల్ఫీలో దీనికోసమే షోమెయిన్‌ఫామ్ అనే గుణం ఉంది. అప్లికేషన్ రన్ అనే వరుసకు ముందు దాన్ని ఫాల్స్ చేస్తే చాలు, ఫామ్ సిద్ధమవుతుంది కానీ కనిపించదు. ఫామ్ విజిబుల్ గుణం కూడా ఫాల్స్‌గానే ఉండాలి. ఉచితంగా దొరికే లాజరస్‌లో కూడా ఇదే పద్ధతి.

విండోస్ ఫామ్స్‌లో రెండు మంచి దారులున్నాయి. మొదటిది, అప్లికేషన్ రన్‌కు ఫామ్‌ను ఇవ్వకుండా అప్లికేషన్ కాంటెక్స్ట్ అనే వస్తువును ఇవ్వడం. ట్రే ఐకాన్, సీరియల్ పోర్టు, టైమరు అన్నీ దాని అధీనంలో ఉంటాయి. ఫామ్ కావాల్సి వచ్చినప్పుడే పుడుతుంది. రెండోది, ఫామ్‌లోని సెట్‌విజిబుల్‌కోర్ అనే పద్ధతిని తిరగరాయడం. చూపించమని మొదటిసారి వచ్చిన ఆదేశాన్ని అక్కడే వద్దని మళ్లిస్తారు. ఈ దారిలో రెండు విషయాలు మరవకూడదు. ఫామ్ కనిపించేదాకా లోడ్ దశ రాదు కాబట్టి, అక్కడ రాసిన పనులేవీ జరగవు. హ్యాండిల్ కూడా దానంతటది పుట్టదు, అడిగి పుట్టించాలి.

2006లో వచ్చిన డబ్ల్యూపీఎఫ్‌లో ఏ విండోతో మొదలవ్వాలో యాప్ ఫైలులోని స్టార్టప్ యూఆర్ఐ చెబుతుంది. ఆ వరుస తీసేసి, ఆన్‌స్టార్టప్‌లో పరిస్థితి చూసి విండోను తెరవాలి. ఇక్కడ ఎక్కువమంది చిక్కుకునేది లాగిన్ దగ్గర. లాగిన్ విండో మూసి మెయిన్ విండో తెరిచేలోపే ప్రోగ్రాము మొత్తం ముగిసిపోతుంది. చివరి విండో మూసుకోగానే ప్రోగ్రాము కూడా ముగియాలన్నది డబ్ల్యూపీఎఫ్ మామూలు నియమం కాబట్టి అలా జరుగుతుంది. షట్‌డౌన్ మోడ్‌ను ఎక్స్‌ప్లిసిట్‌కు మార్చితే, చెప్పినప్పుడు మాత్రమే ముగుస్తుంది.

క్యూటీలో, జావా స్వింగ్‌లో చూపించమని చెప్పనిదే ఏ విండో కనిపించదు కాబట్టి మొదలు సులువు. క్యూటీలో అసలు ప్రమాదం ముగింపులో ఉంది. ట్రే ఐకాన్‌తో మాత్రమే నడిచే ప్రోగ్రాములో అబౌట్ డబ్బా తెరిచి మూస్తే, అదే చివరి విండో అని భావించి ప్రోగ్రాము మొత్తం ఆగిపోతుంది. చివరి విండోతో ముగించవద్దని ముందే చెప్పి ఉంచాలి. ఎలక్ట్రాన్‌లో విండోను పుట్టించేటప్పుడే షో గుణాన్ని ఫాల్స్ చేస్తారు. అందులో చూపాల్సినప్పుడు కూడా రెడీ టు షో అనే కబురు వచ్చేదాకా ఆగితే తెల్లటి ఖాళీ విండో కనిపించదు. మ్యాక్‌లో ఇన్ఫో పీలిస్ట్ ఫైలులో ఎల్‌ఎస్‌యూఐఎలిమెంట్ గుణాన్ని ట్రూ చేస్తే ప్రోగ్రాము డాక్‌లో కనిపించదు.

పరిస్థితిని తెలుసుకోవడం

ప్రోగ్రామును ఎవరు మొదలుపెట్టారో ఎలా తెలుస్తుంది? కమాండ్ లైన్‌లో చిన్న మాట చేర్చడమే అన్నింటికన్నా నమ్మకమైన దారి. కంప్యూటరు లేవగానే తెరవాల్సిన ప్రోగ్రాముల పేర్లు విండోస్‌లో రిజిస్ట్రీలోని రన్ పద్దులోనో, స్టార్టప్ ఫోల్డరులోనో ఉంటాయి. అక్కడ ప్రోగ్రాము పేరు పక్కన ట్రే అనో, మినిమైజ్డ్ అనో ఒక మాట చేరుస్తారు. డెస్క్‌టాప్ ఐకాన్‌లో ఆ మాట ఉండదు. ప్రోగ్రాము మొదట్లోనే ఆ మాట ఉందో లేదో చూసుకుంటే ఎవరు పిలిచారో తెలిసిపోతుంది.

పరిస్థితులు ఎక్కువైనప్పుడు వాటి వరుస ముఖ్యం. ముందుగా మరో కాపీ నడుస్తోందా అని చూడాలి. నడుస్తుంటే మిగతావేవీ అక్కర్లేదు. తర్వాత సెట్టింగులు ఉన్నాయా, చదవడానికి వీలుగా ఉన్నాయా అని చూడాలి. లేకపోతే ఎవరు పిలిచినా విండో చూపాలి. ఆపైన పనికి కావాల్సిన పరికరం అందిందా అని చూడాలి. చివరగా కమాండ్ లైన్‌లోని మాటను, వాడేవారు సెట్టింగుల్లో ఎంచుకున్నదాన్ని చూడాలి. ఇదంతా ఒకే చోట రాసి, చూపు లేదా వద్దు అన్న ఒక్క జవాబు తేల్చాలి. ఈ తనిఖీ నాలుగు చోట్ల చెదిరిపోతే ఏ సందర్భంలో ఏమవుతుందో రాసినవారికే తెలియకుండా పోతుంది.

పరికరాన్ని చూసుకోవడంలో కొంచెం ఓపిక కావాలి. కంప్యూటరు లేచిన వెంటనే యూఎస్‌బీ పరికరాల డ్రైవర్లు సిద్ధంగా ఉండకపోవచ్చు. కాటా కేబుల్‌ను యూఎస్‌బీ అడాప్టరుతో పెట్టి ఉంటే, దాన్ని తీసి వేరే రంధ్రంలో పెట్టినప్పుడు కామ్ 3గా ఉన్న పోర్టు కామ్ 5గా మారవచ్చు. పోర్టు తెరుచుకోకపోతే కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ తెరుచుకోకపోతే పోర్టు ఎంచుకునే పేజీతోనే విండోను చూపాలి. ఊరికే ఎర్రర్ అని రాసి వదిలేస్తే కాటా గదిలో ఎవరికీ ఉపయోగం ఉండదు.

రెండో కాపీ

సీరియల్ పోర్టును విండోస్‌లో ఒకసారికి ఒక ప్రోగ్రామే తెరవగలదు. కాటా ప్రోగ్రాము వెనక నడుస్తున్న సంగతి గుర్తులేక గుమాస్తా ఐకాన్ మీద మళ్లీ నొక్కితే, రెండో కాపీకి పోర్టు దొరకదు. దాంతో అది కాటా చెడిపోయిందని చెబుతుంది. ఇది తప్పుడు కబురు. దీన్ని ఆపడానికి విండోస్‌లో మ్యూటెక్స్ అనే గుర్తును వాడతారు. ప్రోగ్రాము మొదలవగానే ఒక పేరుతో మ్యూటెక్స్ అడుగుతుంది. ఆ పేరు అప్పటికే ఉందని 183 సంఖ్యతో జవాబు వస్తే, తాను రెండో కాపీనని తెలుస్తుంది. అప్పుడు తన విండో తెరవకుండా, మొదటి కాపీకి విండో చూపించమని కబురు పంపి తాను తప్పుకోవాలి.

వెనక నడుస్తున్న ప్రోగ్రాము తనంతట తాను ముందుకు దూకడాన్ని విండోస్ అడ్డుకుంటుంది. ఇప్పుడే నొక్కి తెరిచిన రెండో కాపీకి మాత్రం ముందుకు వచ్చే హక్కు ఉంటుంది. అది ఆ హక్కును మొదటి కాపీకి అప్పగించి వెళితే విండో సరిగ్గా పైకి వస్తుంది. అప్పగించకపోతే టాస్క్‌బార్‌లో ఐకాన్ మిణుకుమంటుంది తప్ప విండో ముందుకు రాదు.

కనిపించని ప్రోగ్రాముకు వాకిలి

మెయిన్ విండో చూపనప్పుడు ప్రోగ్రామును చేరుకునే వాకిలి ఒకటి ఉండి తీరాలి. విండోస్ 95 నుంచి గడియారం పక్కనున్న ఐకాన్ల చోటు ఆ పని చేస్తోంది. ఐకాన్ మీద నొక్కితే విండో తెరుచుకోవాలి, కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో బయటికి వెళ్లే దారి ఉండాలి. టాస్క్‌బార్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే పాత ఐకాన్లు పోతాయి. అప్పుడు టాస్క్‌బార్ క్రియేటెడ్ అనే కబురు అందరికీ వెళుతుంది. దాన్ని విని ఐకాన్‌ను మళ్లీ పెట్టుకోని ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది కానీ, దాన్ని చేరే దారి మూసుకుపోతుంది.

విండో మూలనున్న మూసే గుర్తు నొక్కితే ప్రోగ్రాము ముగుస్తుందా, ట్రేలోకి వెళుతుందా అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. ట్రేలోకి వెళ్లేట్టయితే మొదటిసారి ఆ సంగతి చెప్పాలి. కంప్యూటరు ఆపేటప్పుడు విండోస్ పంపే ముగింపు కబురుకు మాత్రం ట్రేలోకి వెళ్లకుండా నిజంగానే ముగియాలి.

ఎవరూ లాగిన్ కాకముందే పని మొదలవ్వాలంటే ట్రే ఐకాన్ సరిపోదు, విండోస్ సర్వీసు కావాలి. విండోస్ విస్టా నుంచి సర్వీసులు వాడేవారి తెరకు వేరుగా, సెషన్ సున్నాలో నడుస్తున్నాయి. అవి విండో చూపించినా ఎవరికీ కనిపించదు. అందుకే అసలు పని సర్వీసుకు అప్పగించి, కనిపించే పనికి చిన్న ట్రే ప్రోగ్రాము వేరుగా రాస్తారు.

విండో లేనప్పుడు పొరపాట్లను లాగ్ ఫైలులో తేదీ, సమయంతో రాసుకోవడం తప్పనిసరి. వెంటనే మనిషి చూడాల్సిన పొరపాటైతే నోటిఫికేషన్ ఇవ్వాలి లేదా విండోనే తెరవాలి. చూడటానికి ఎవరూ లేని రాత్రి బ్యాకప్‌లో మెసేజ్ డబ్బా చూపి ఓకే కోసం ఎదురుచూస్తే ప్రోగ్రాము తెల్లారేదాకా అక్కడే ఆగిపోతుంది.

కంప్యూటరు యజమానికి తన కంప్యూటరులో ఏం నడుస్తోందో తెలుసుకునే హక్కు ఉంది. నిఘా కోసం, దొంగతనం కోసం రాసిన ప్రోగ్రాములు కూడా విండో లేకుండానే నడుస్తాయి. మంచి ప్రోగ్రామును వాటి నుంచి వేరుచేసేది నిజాయతీ. అది తన పేరుతోనే కనిపిస్తుంది, తనంతట తాను మొదలయ్యేందుకు ముందుగా అనుమతి అడుగుతుంది, వద్దంటే ఆగుతుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే ట్యాబ్ ఉంది. కంప్యూటరుతో పాటు ఏవేవి మొదలవుతున్నాయో అందులో చూసి, అక్కర్లేనివాటిని డిసేబుల్ చేయవచ్చు. అక్కడ ఆపిన ప్రోగ్రాము దొడ్డిదారిన మళ్లీ చేరకూడదు.

ఇలాంటి ప్రోగ్రామును వాడుకకు ఇచ్చేముందు ప్రతి పరిస్థితినీ విడివిడిగా నడిపి చూడాలి. కంప్యూటరు ఆపి మళ్లీ వేసినప్పుడు, చేత్తో నొక్కినప్పుడు, నడుస్తుండగా మళ్లీ నొక్కినప్పుడు, సెట్టింగుల ఫైలు తీసేసినప్పుడు, కేబుల్ పీకినప్పుడు, ఎక్స్‌ప్లోరర్‌ను ఆపి మొదలుపెట్టినప్పుడు విండో వచ్చిందా, రావాల్సినప్పుడే వచ్చిందా అని చూడాలి. వేరే ప్రోగ్రాములో టైపు చేస్తూ ఉండగా కూడా దీన్ని మొదలుపెట్టి, ఒక్క అక్షరం కూడా పక్కదారి పట్టలేదని తేల్చుకోవాలి. ఈ పరీక్షలన్నీ దాటాకే ఆ ప్రోగ్రామును మిల్లు కాటా గదిలో పెట్టాలి.